చిటారు రకం అడవిదున్న

క్రోధి నామ సంవత్సరం, తొలకరి పడ్డ వారానికి, ఒక పెద్ద అడవిలో జంతువుల సభ బండి కొనడానికి కూర్చుంది.

బండి ఎందుకంటే, ఆ అడవిని ఒక వాగు రెండు ముక్కలు చేసింది. ఇవతల సభ, ఆఫీసు, మంత్రసాని. అవతల దుప్పుల గూడెం. వానలకు వాగు నిండితే అవతలి రోగాలు అవతలే, ఇవతలి మందులు ఇవతలే. మంత్రసాని సూరమ్మ ముళ్లపంది. పెద్ద వయసు, ఈత రాదు. కిందటి వానల్లో గూడెంలో కాన్పు కష్టమై ఒక తల్లి పోయింది.

ఈ ఏడు పోలమ్మ అనే దుప్పి కూతురు కడుపుతో ఉంది. తొలిచూలు. భాద్రపదంలో నెలలు నిండుతాయి. పోలమ్మ రోజూ వాగు దాటి వచ్చి సభ గుమ్మం ముందు నిలబడేది. అరిచేది కాదు, ఏడ్చేది కాదు. నిలబడేది. దాన్ని రోజూ చూడలేక సభవారు బండికి తీర్మానం చేశారు.

రాళ్లలో, బురదలో, నీళ్లలో నడిచే బండ్లు చేసే కంపెనీ ఒకటి గోరువంకను పంపింది. గోరువంకకు బండి తోలడం రాదు. బండి గురించి చెప్పడం మాత్రం బాగా వచ్చు.

"అయ్యలారా, బండి పేరు అడవిదున్న," అని మొదలుపెట్టింది.

వెనక వరసలో నిజం అడవిదున్న ఒకటి నెమరు వేస్తోంది. "నన్ను అడిగి పెట్టారా పేరు?" అంది.

"మీమీద గౌరవంతో పెట్టారండి."

"గౌరవమైతే సరే. దాని మేత మటుకు నా వాటాలోంచి తీయకండి."

గోరువంక గొంతు సవరించుకుంది. "ఇందులో మూడు రకాలు. మొలక, కొమ్మ, చిటారు. మొలక రకానికి గుడ్డ టాపు, లోపల ఇనుప బల్లలు. పాటలు రావు, ఏసీ రాదు. బురద పడితే నాలుగు బక్కెట్ల నీళ్లు కొట్టి కడిగేయొచ్చు. కొమ్మ రకానికి మెత్తటి గుడ్డ సీట్లు, ఏసీ, పాటలు. చిటారు రకానికి తెల్లటి తోలు సీట్లు."

"ఎవరి తోలు?" అంది అడవిదున్న, నెమరు ఆపి.

సభ అంతా గోరువంక వైపు తిరిగింది.

"నిజం తోలు కాదండి. తోలులాంటిది. చేత్తో తడిమినా తేడా తెలీదు."

"తడమకుండానే తెలిస్తే బాగుంటుంది," అంది అడవిదున్న.

"ఇంకా చిటారు రకానికి పైకప్పులో అద్దం కిటికీ ఉంటుంది. మీట నొక్కితే తెరుచుకుంటుంది. తల బయటపెట్టి దారి పొడుగునా జనానికి దండం పెట్టుకుంటూ పోవచ్చు."

అధ్యక్ష స్థానంలో కునుకు తీస్తున్న ఎలుగుబంటి సర్దుకుని కూర్చుంది.

"ఇంజను సంగతి చెప్పు," అన్నాడు గురవయ్య. గురవయ్య అడవిపంది. సభకు కాబోయే డ్రైవరు. బురదలో పుట్టి బురదలో పెరిగినవాడు కాబట్టి ఆ ఉద్యోగం ఇచ్చారు.

"ఇంజన్లు రెండండి. పెట్రోలుది చప్పుడు లేకుండా మెత్తగా ఉరుకుతుంది, తాగడం ఎక్కువ. డీజిలుది గురక పెడుతుంది, లాగడంలో మాత్రం మహా మొండిది. బరువుతో గట్టు ఎక్కాలంటే డీజిలే."

"డీజిలే తీసుకుందాం," అంది ఎలుగుబంటి.

గురవయ్యకు సంతోషమైంది. "బాగా చెప్పారయ్యా. గట్టు ఎక్కాలిగా."

"గట్టు కాదురా. చప్పుడు లేకుండా వెళ్తే నేను వస్తున్నట్టు ఎవరికి తెలుస్తుంది?"

"చక్రాల సంగతికొస్తే," అంది గోరువంక, "వెనక రెండే లాగేది ఒకటి, నాలుగూ లాగేది ఒకటి. రెండు లాగేది చౌక."

"నాలుగు చక్రాలకు డబ్బిచ్చి రెంటితో పని చేయించుకోవడమా?" అంది ఎలుగుబంటి.

సభ కార్యదర్శి ముంగిస వినయంగా వంగింది. "మన ఆఫీసులో నలుగురికి జీతమిచ్చి ఇద్దరితోనే లాగిస్తున్నాం కదండీ. అలవాటే."

"బండిలోనైనా నాలుగూ లాగనీ."

గుమ్మం దగ్గర నిలబడ్డ పోలమ్మ అడిగింది. "అది వాగు దాటుతుందా నాయనా?"

"నడుం లోతు నీళ్లలో దాటుతుందమ్మా."

"ఎవరి నడుం?" అన్నాడు గురవయ్య. "నాదీ నడుమే, ఏనుగుదీ నడుమే."

"ఆ వివరం కంపెనీని కనుక్కుని చెబుతానండి," అంది గోరువంక.

గురవయ్య లేచాడు. "అయ్యా, డీజిలు, నాలుగు చక్రాల లాగుడు మొలక రకంలోనూ ఉన్నాయట. మనకు అది చాలు. ఇనుప బల్ల మీద సూరమ్మత్త హాయిగా కూర్చుంటుంది. ముళ్లు గుచ్చుకున్నా ఇనుముకేం కాదు."

నెమలి పింఛం సర్దుకుంది. అది సభలో అలంకారాల సంఘానికి పెద్ద. "మొలకలోనా? అధ్యక్షులవారా? పొరుగు అడవి అధ్యక్షుడు కొమ్మ రకంలో తిరుగుతున్నాడు తెలుసా?"

"కొమ్మా?" అంది ఎలుగుబంటి.

"కొమ్మే."

"అయితే చిటారు."

అలా కాన్పు రోగుల సౌకర్యార్థం, తెల్ల తోలు సీట్ల చిటారు రకం కొనాలని ఏకగ్రీవంగా తీర్మానం అయింది. మూడేళ్ల ఇప్పపూల పన్ను దానికి పోయింది.

శ్రావణ శుక్రవారం నాడు బండి దిగింది. పసుపు బొట్లు పెట్టారు, గుమ్మడికాయ కొట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించారు. సూరమ్మ తల దువ్వుకుని, మందుల మూట చంకన పెట్టుకుని వచ్చింది. తన కోసం కొన్న బండి కదా అని తలుపు మీద చెయ్యి వేసింది.

"ఆగాగు," అంది నెమలి. "నువ్వు కూర్చుంటే తోలుకు చిల్లులు పడతాయి."

"సీటు మీద ప్లాస్టిక్ పట్టా ఉందిగా తల్లీ."

"పట్టాకూ చిల్లులు పడతాయి. అసలు ఆ పట్టా తీసేదే లేదు. తీస్తే కొత్తదనం పోతుంది."

"పోనీ, నిలబడి వస్తాలే."

"నిలబడితే పైన అద్దానికి గుచ్చుకుంటాయి."

సూరమ్మ మూట ఇటు చంకలోంచి అటు చంకలోకి మార్చుకుంది. "నేను తప్ప ఎవరు ఎక్కినా నీ బండికి బాధ లేదు. కాన్పు చేయాల్సింది మటుకు నేనే. ఏం చేద్దామంటావు?"

ఈ చిక్కు విప్పడానికి ఉపసంఘం వేశారు. సూరమ్మకు గోనెసంచులు చుట్టి ఎక్కించాలని ఉపసంఘం తేల్చింది. సూరమ్మ ఒప్పుకుంది.

మర్నాడు గురవయ్య అన్నాడు. "వాగు ఇంకా మోకాలి లోతే ఉంది. ఒకసారి దింపి చూస్తానయ్యా. నాకు అలవాటవుతుంది, బండికీ అలవాటవుతుంది."

ఎలుగుబంటి బండి చుట్టూ ఒకసారి తిరిగింది. తలుపులో తన మొహం చూసుకుంది. "బురద అంటుతుంది కదరా."

"బురదలో నడవడానికే కదయ్యా చేసింది."

"నడవగలదు," అంది ముంగిస. "నడవగలదని ఊరందరికీ తెలుసు. తెలిసిన సంగతిని మళ్లీ నడిపి చూపించడం దేనికి?"

"మరి సూరమ్మత్తను అవతలికి చేర్చాలంటే?"

దానికీ దారి ఆలోచించారు. ఆఫీసు నుంచి వాగు దాకా చక్కటి రోడ్డు వేసి, వాగు మీద వంతెన కడితే, బండికి చుక్క బురద అంటకుండా గూడెం చేరవచ్చు. ఎలుగుబంటికి ఈ మాట నచ్చింది. వంతెన తర్వాత చూద్దాం, ముందు రోడ్డు అన్నారు.

"రోడ్డు, వంతెన ఉంటే సూరమ్మత్త నడిచే పోతుంది కదయ్యా," అన్నాడు గురవయ్య. "బండెందుకు?"

"నీ ఉద్యోగం నువ్వే తీయించుకునేలా ఉన్నావు," అంది ముంగిస.

రోడ్డుకు వాగు గట్టు మీది మద్దిచెట్లు అడ్డం వచ్చాయి. కొట్టేశారు. వేళ్లు పెకలించి, ఎర్రమట్టి పోసి, చదును చేశారు. రోడ్డు అద్దంలా వచ్చింది. ప్రారంభోత్సవం భాద్రపద దశమి అని చాటింపు వేశారు. ముందురోజే బండిని తోలుకెళ్లి వాగు గట్టున, రోడ్డు చివర నిలిపి, పూలదండలు కట్టారు. గెస్టులు రాగానే ఎదురుగా కనబడాలి.

ఆ ముందురోజు మధ్యాహ్నమే పోలమ్మ వాగు ఈది వచ్చింది. ఒళ్లంతా కారుతోంది.

"అయ్యా, బిడ్డకు నొప్పులొచ్చాయి. అడ్డం తిరిగినట్టుంది. సూరమ్మను పంపండి."

"రేపు పొద్దున మొదటి ట్రిప్పు మీదే," అంది ముంగిస.

"నొప్పులు ఇవాళ వచ్చాయి బాబూ."

"రిబ్బన్ కత్తిరించకుండా కొత్త రోడ్డు మీద మొదటి ట్రిప్పు ఎలా వేస్తామమ్మా?"

"పొద్దున బండి ఆ రోడ్డు మీదే కదా వెళ్లింది."

"అది ట్రిప్పు కాదు. ఏర్పాటు."

ఎలుగుబంటి మంచిగానే చెప్పింది. "పోలమ్మా, నీ బాధ నాకు తెలుసు. తెలుసు గనకే పదింటికి అనుకున్న ముహూర్తం తొమ్మిదికి జరిపించాను."

పోలమ్మ దాని మొహం వంక చూసింది. "నా కూతురితో చెబుతాను. తొమ్మిది దాకా ఆగమంటాను," అని వెనక్కి తిరిగింది.

గురవయ్య ముంగిస దగ్గర చెయ్యి చాపాడు. "తాళం ఇవ్వు."

"ఇస్తే నా ఉద్యోగం పోతుంది."

"ఇవ్వకపోతే?"

ముంగిస మొలతాడుకు కట్టిన తాళాన్ని పొట్ట కిందికి తోసుకుంది. "ఇవ్వకపోతే ఎవరి ఉద్యోగమూ పోదు."

గురవయ్య సూరమ్మను వీపు మీద ఎక్కించుకుని వాగులో దిగాడు.

"ముళ్లు దిగుతాయిరా నాయనా," అంది సూరమ్మ.

"దిగితే దిగుతాయి. కదలకు అత్తా."

వాగు వాళ్లను తీసుకెళ్లి దిగువన ఇవతలి ఒడ్డునే పడేసింది. మళ్లీ దిగారు. మళ్లీ అదే పని చేసింది. సూరమ్మ మందుల మూట కొట్టుకుపోయింది. పోలమ్మ ఒక్కతే ఈదుకుంటూ అవతలికి పోయింది.

రాత్రంతా కుండపోత.

తెల్లవారి పొరుగు అడవి అధ్యక్షుడు తన కొమ్మ రకం బండి దూరాన ఆపుకుని, నడుచుకుంటూ గట్టు మీదికి వచ్చాడు. రోడ్డు చివర ముక్క లేదు. మద్దిచెట్లు లేని గట్టు జారి వాగులో పడింది. దాంతోపాటు అడవిదున్న బండి కూడా జారింది. వాగు మధ్యన రెండు బండరాళ్లకు నడుమ గట్టిగా ఇరుక్కుని ఉంది. ముందుభాగం ఇవతలి ఒడ్డుకు దగ్గరగా, వెనకభాగం అవతలి వైపు. పూలదండలు నీళ్లలో ఆడుతున్నాయి.

"చాలా దూరం దిగిందే," అన్నాడు పొరుగు అధ్యక్షుడు. ఈర్ష్యపడ్డాడో, వెక్కిరించాడో తెలీలేదు.

గురవయ్య ఆ మాట వినడానికి ఆగలేదు. ఒడ్డు మీంచి బానెట్ మీదికి దూకి చూశాడు. బండి కదల్లేదు. "రా అత్తా," అన్నాడు.

సూరమ్మ బానెట్ ఎక్కింది, ముందు అద్దం మీద పాకింది, పైకప్పు కిటికీ మీదుగా నడిచింది. అడుగడుగునా రంగు గీరుకుపోయింది. నెమలి కళ్లు మూసుకుంది. వెనక భాగం మీంచి బండరాయికి, రాయి మీంచి అవతలి ఒడ్డుకు చేరి, గూడెం వైపు పరుగులాంటి నడక నడిచింది. తల్లిని దక్కించింది.

బండిని బయటికి లాగలేకపోయారు. అది అక్కడే ఉండిపోయింది. కుందేళ్లు, కోతులు, గూడెం పిల్లలు అందరూ ఇప్పుడు దాని మీదుగానే వాగు దాటుతున్నారు. సభవారు కొన్న వాహనం వల్ల రెండు ఒడ్ల మధ్య రాకపోకలు సులువయ్యాయని ముంగిస నివేదిక చదివింది. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. గోరువంక కూడా వచ్చి చూసి, ఎంత వరదలోనైనా చెక్కుచెదరదని పక్క అడవుల్లో చెప్పుకుంటోంది. ఎలుగుబంటి మాత్రం, బండిని చూడ్డానికి వెళ్లాలంటే ఇంకో బండి కావాలని అడుగుతోంది.

నీతి: దారి లేని చోట నడిచే బండి కొన్నవాళ్లు ముందు దానికి దారి వేయించాలి. ఇది నేర్చుకోవడానికి అయిన ఖర్చు, పోలమ్మ కూతురి తొలి కూన.