వయ్యారిభామకు ముళ్లకంచె

1988లో జాతీయ కలుపు నియంత్రణ సామర్థ్య నిర్మాణ పథకం రాయపూర్‌కు వేంచేసింది. పరదేశం నుంచి వచ్చి ఊళ్లకు ఊళ్లు ఆక్రమించిన వయ్యారిభామను, అంటే హిందీవాళ్ల గాజర్ ఘాస్‌ను, సమూలంగా నిర్మూలించడం దాని ఆశయం. ఆశయం గొప్పది గనుక ముందుగా కుర్చీలు కొన్నారు.

హెడ్‌గుమాస్తాగా వేసిన భీమారావుకు ఆ మొక్కంటే సొంత పగ. రైల్వే కాలనీలో తన ఇంటి వెనక అది పూతకొచ్చిందంటే చాలు, భార్య ఆండాళమ్మకు ఒళ్లంతా దద్దుర్లు, పడుకుంటే ఆయాసం. "ఇంక నీ కష్టం తీరినట్టేనే" అని మాటిచ్చి ఆయన శిక్షణకు వెళ్లాడు. మొక్కను గుర్తించడం నాగపూర్‌లో నేర్పారు. గుర్తించినదాన్ని గుర్తుంచుకోవడం భోపాల్‌లో నేర్పారు. పీకడం మరుసటి ఏటి పాఠం.

ఇంతలో స్వహస్తాలతో తొలి మొక్క పీకడానికి మంత్రిగారు వస్తున్నారని కబురు. మంత్రి వస్తే ఊరు శుభ్రంగా ఉండాలి కదా! మునిసిపాలిటీవారు ఒక్క మొక్కైనా మిగల్చకుండా పీకేశారు. పథకం అధికారికి కాళ్లూ చేతులూ ఆడలేదు.

"మంత్రీజీ ఏం పీకుతారయ్యా? భీమారావ్, కుఛ్ తో కరో, ఏదో ఒకటి చెయ్యి!"

భీమారావు దగ్గర్లోని తిల్దా ఊరికి వెళ్లి, రైస్‌మిల్లు వెనక ఏపుగా ఎదిగినవాటిని వేళ్లతో సహా గోనెల్లో కట్టి ప్యాసింజర్లో తెచ్చాడు. ఖాళీ స్థలం ఆయన ఇంటి వెనకే దొరికింది.

"ఏటండీ ఇది? పీకుతానని చెప్పి నాటుతున్నారేటి?" అంది ఆండాళమ్మ దగ్గుతూ.

"పీకాలంటే ముందు ఉండాలి కదే! కొంచెం ఓర్చుకో."

మంత్రిగారు చేతులకు తొడుగులు వేసుకుని ఒక మొక్క పీకి, "ఈ పరాయి మొక్కకు ఈ గడ్డమీద నిలువ నీడ లేదు!" అని గర్జించారు. ఆయనకిచ్చిన పూలగుత్తిలో గులాబీల నడుమ తెల్లగా మెరిసినవి వయ్యారిభామ పూలే. మిగిలిన మొక్కలను వచ్చే ఏటి ముఖ్య అతిథి కోసం భద్రపరచాలని తీర్మానించి, ముళ్లకంచె వేసి, కాపలా పెట్టి, నీళ్లు పోయించారు. భీమారావు సూపరింటెండెంటయ్యాడు.

వానలకు మడి విరగబూసింది. ఒక ఉదయం కాపలావాడు టీకి వెళ్లగానే ఆండాళమ్మ కొంగు బిగించి కంచెలో దూరి, చేతులు బొబ్బలెక్కేదాకా మొత్తం పీకిపారేసింది. ప్రభుత్వ ఆస్తి ధ్వంసం! ఆమెకిచ్చే సంజాయిషీ నోటీసుమీద సంతకం సూపరింటెండెంటుగారి విధి. భీమారావు విధి నిర్వర్తించి, ఇంటికొచ్చి, తలెత్తకుండా ఆమె చేతులకు కొబ్బరినూనె రాశాడు.

కాలనీ అంతా పరామర్శకు వచ్చింది. పక్కింటి నాంచారమ్మ ఆయాసపడుతూనే మందలించింది.

"నీకెందుకొచ్చిన గొడవ వదినా? దగ్గొస్తే దవాయి తాగుతాం గానీ, సర్కారీ మొక్కని పీకుతామేటి?"

అందరూ దగ్గుతూ ఔనన్నారు. మర్నాడు తలా ఒక మొక్క తెచ్చి, కంచెలోపల శ్రద్ధగా నాటి వెళ్లారు.