మన్నికైన అట్టడుగు శ్రేణి

తూర్పు కొండల ప్రజాసేవల సంస్థలో పద్నాలుగేళ్లుగా కాంట్రాక్టు మీద పనిచేస్తున్న సీదరి బొంజుబాబును, జులై ఆరో తేదీ ఉదయం పదకొండు గంటలకు, కార్యాలయ ఉత్తర్వుల ప్రకారం పన్నెండో నెంబరు కొండ సైకిలుకు బాటమ్ బ్రాకెట్‌గా బిగించారు. బిగించాక చేతులు బయటికి రావు కాబట్టి సంతకాలు ముందే, రెండు ప్రతుల మీద తీసుకున్నారు.

సైకిలు తొక్కడమే తప్ప దాన్ని విప్పి చూడనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. పెడళ్లను పట్టుకుని తిరిగే రెండు చేతులను క్రాంకులంటారు. ఆ రెండింటినీ కలిపే ఇరుసు, దాని బేరింగులు సైకిలు పొట్ట కింద అడ్డంగా ఉన్న చిన్న గొట్టంలో కూర్చుంటాయి. ఆ మొత్తాన్ని బాటమ్ బ్రాకెట్ అంటారు. తొక్కేవాళ్ల బరువంతా దాని మీదే పడుతుంది. అది బయటికి కనిపించదు. బాగున్నంతకాలం అలాంటిదొకటి ఉందని కూడా ఎవరికీ గుర్తుండదు.

సంస్థకు ఎనభై కొండ సైకిళ్లున్నాయి. రోడ్డు లేని నూట పదహారు ఊళ్లకు జ్వరం మందులు, రక్తపరీక్ష గాజు పలకలు, పింఛను కాగితాలు ఆ సైకిళ్ల మీదే వెళతాయి. ప్రతి వానాకాలం గెడ్డలూ వాగులూ దాటి దాటి, బురద తాగి తాగి, దసరా నాటికి సగం సైకిళ్ల బాటమ్ బ్రాకెట్లు పోయేవి. క్రాంకులు వదులై ఊగేవి. ఏవి వేస్తే మూడు వానాకాలాలు ఆగుతాయో రాసిమ్మని వర్క్‌షాపు మెకానిక్కు దస్తగిరిని అడిగారు. దస్తగిరి ఇరవై రెండేళ్లుగా సైకిళ్లే విప్పుతున్నాడు. అతను ఒకటిన్నర పేజీ రాశాడు. పోత పోసిన క్రాంకులు వద్దు, అవి చెప్పకుండా విరుగుతాయి, సాగగొట్టి చేసినవి కావాలి అన్నాడు. నొక్కి దూర్చే బ్రాకెట్ వద్దు, నాలుగు వానలు పడేసరికి కిర్రుమంటుంది, మరలు తిప్పి బిగించేది కావాలి అన్నాడు. బేరింగులు మూసివున్నవి కావాలన్నాడు. కంపెనీల పేర్లు, సైజులు ఇంగ్లీషులో రాసి కింద గీత గీశాడు. అందులో ఒక్క తప్పు లేదు.

కొనుగోలు కాగితాలన్నీ తెలుగులోనే పైకి వెళ్లాలని సంస్థలో నియమం ఉంది. కాగితం భాషా విభాగానికి వెళ్లింది. ఆ విభాగం అదే వారం పన్నుల బ్రాకెట్ల గురించిన సర్క్యులరు ఒకటి తెలుగు చేసి ఉంది. అక్కడ బ్రాకెట్ అంటే ఆదాయ శ్రేణి. ఆ అలవాటులో బాటమ్ బ్రాకెట్‌ను 'అట్టడుగు శ్రేణి' అని రాశారు. బేరింగు అంటే భరించడం కాబట్టి, మూసివున్న బేరింగు 'బయటికి పొక్కని సహనం' అయింది. చివరికి వాక్యం ఇలా తయారైంది: 'మూడు వానాకాలములు ఆగగల, బయటికి పొక్కని సహనము గల, అవసరమైనపుడు సులభముగా మార్చదగిన అట్టడుగు శ్రేణిని ఎంపిక చేయవలెను.'

ఆ కాగితం ఆరు టేబుళ్లు దాటింది. ఎక్కడా ఎవరూ పెన్ను ఆపలేదు. ఇలాంటి వాక్యాలు వాళ్లు ముందు కూడా చదివి ఉన్నారు. తొమ్మిదో రోజుకే మంజూరు వచ్చింది. సంస్థ చరిత్రలో ఇంత త్వరగా మంజూరైన ఫైలు మరొకటి లేదు.

దస్తగిరి ఆ మంజూరు చూసి సూపరింటెండెంటు విశాలాక్షి గదికి వెళ్లాడు. ఆమె మంచి మనిషని పేరు. కింది ఉద్యోగుల సెలవు చీటీలు ఒక్కటి కూడా వెనక్కి పంపేది కాదు.

"మేడంగారూ, బాటమ్ బ్రాకెట్టంటే ఇనప ముక్కండి. మనిషి కాదు."

"నేనూ అదే అనుకున్నానయ్యా దస్తగిరీ. కానీ దాని మీద డైరెక్టరుగారి సంతకం పడిపోయింది. ఇప్పుడు తప్పని రాస్తే, ఎవరి తప్పో కూడా రాయాలి. రాస్తావా?"

దస్తగిరి, గొట్టం లోపలి కొలత ముప్పై నాలుగు మిల్లీమీటర్లని, అంతకు మించితే మనిషి పట్టడని, ఆ సంగతైనా చూసుకోమని చెప్పి వచ్చేశాడు. ఆమె ఆ కొలతను నోటు ఫైలులో చేర్చింది. సాంకేతిక సలహా తీసుకున్నట్టు ఆధారం కావాలి కదా.

ఎంపిక పరీక్షలు జూన్‌లో జరిగాయి. ఎనభై మంది ఫీల్డ్ అసిస్టెంట్లూ హాజరయ్యారు. కొలత ఇబ్బంది అవుతుందేమోనని అధికారులు భయపడ్డారు గానీ అలాంటిదేమీ రాలేదు. పదేళ్లు దాటి కాంట్రాక్టు మీద ఉన్నవాళ్లు అప్పటికే చాలావరకు ముడుచుకుపోయి ఉన్నారు. మిగతా కాస్తా ప్రాక్టీసు మీద వస్తుందని కమిటీ రాసుకుంది. రెండో పరీక్ష చప్పుడుది. ముడుచుకుని కూర్చున్న మనిషి మీద బియ్యం బస్తాలు రెండు పెట్టి, దగ్గరగా చెవి పెట్టి వినేవారు. ఒకతను 'అమ్మా' అన్నాడు, అతన్ని తీసేశారు. ఇంకొకతను ఎంతసేపు అని అడిగాడు, అతన్నీ తీసేశారు. బొంజుబాబు ఏమీ అనలేదు. బస్తాలు దించాక లేచి, చొక్కా దులుపుకుని, 'థాంక్యూ సార్' అన్నాడు. మొదటి స్థానం అతనికి వచ్చింది.

బొంజుబాబుది బూరుగుగొంది. ఆ ఊళ్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి అతను. బీఏ, సెకండ్ క్లాసు. పద్నాలుగేళ్లలో అతను పైవాళ్లను అడిగింది ఒక్కటే, పర్మినెంట్ చెయ్యమని. ప్రతి ఏడూ మార్చి ముప్పై ఒకటిన కాంట్రాక్టు వాళ్లకు ఒకరోజు విరామం ఇస్తారు. మర్నాడు కొత్తగా చేరినట్టు మళ్లీ సంతకం పెట్టాలి. ఆ ఒక్కరోజూ అతను అరుగు మీద కూర్చుని ఎవరు పలకరించినా సరిగ్గా పలికేవాడు కాదు. ఇప్పుడు ఎంపిక ఉత్తర్వులో 'శాశ్వత ప్రాతిపదికన బిగించుటకు' అని ఉంది. షరతు ఒక్కటే, మూడు వానాకాలాలు ఆగాలి. అతను ఆ శాశ్వత అన్న మాటను మూడుసార్లు చదివి, కాగితం మడతపెట్టకుండా రెండు చేతులతో పట్టుకుని ఇంటికి తెచ్చాడు.

భార్య రాజులమ్మ కాగితం చదవలేదు గానీ విషయం వింది. పొయ్యి మీద అంబలి దించి, అడగవలసింది అడిగింది.

"అందులో కూకుంటే ఇంటికెప్పుడొస్తావు?"

"ఆదివారం సైకిలు ఇంటికి తెచ్చుకోవచ్చంట."

"నువ్వొస్తావా, సైకిలొస్తదా?"

"ఇకమీదట రెండూ ఒకటే కదే."

"మరి తిండో?"

"నెలకోపాలి గ్రీజు పెడతారంట."

ఆమె నవ్వింది. అతను నవ్వలేదు. కూతురు హైమావతి ఆ వారమే పట్నంలో డిగ్రీలో చేరింది, హాస్టల్లో ఉంది. దాని చదువయ్యేదాకా తన ఉద్యోగం మార్చి నుంచి మార్చికి ఊగిసలాడకూడదని అతను అన్నాడు. ఆ మాట విని రాజులమ్మ అతనికి అంబలి పోసింది.

బిగించిన రోజున చిన్న సభ జరిగింది. డైరెక్టరు అట్టడుగు శ్రేణి పైనే సంస్థ మొత్తం నిలబడి ఉందని మాట్లాడాడు. దస్తగిరి గొట్టం శుభ్రంగా తుడిచి, లోపల గ్రీజు రాసి, బొంజుబాబు చెవిలో మాత్రం పని సంగతి చెప్పాడు.

"గొట్టాన్ని మూసే కుడివైపు కప్పుది ఎదురు మర, బావూ. మామూలుగా ఇప్పేవైపు తిప్పితే బిగుసుద్ది. లోపల ఎటూ మెసలమాక. ఊపిరి మొత్తం వదిలెయ్."

బొంజుబాబు ఊపిరి వదిలేశాడు. దస్తగిరి కప్పు తిప్పి, సాగగొట్టిన కొత్త క్రాంకులు రెండువైపులా ఎక్కించి, బిగింపు కొలిచే రెంచి ముల్లు నలభై దగ్గరికి వచ్చేదాకా బిగించాడు. పెడలు చేత్తో తిప్పి చూశాడు. మెత్తగా, చప్పుడు లేకుండా తిరిగింది. అతని సర్వీసులో అంత చక్కగా కూర్చున్న బ్రాకెట్ మరొకటి లేదు. ఆ సంగతి అతను ఎవరితోనూ అనలేదు.

బొంజుబాబు సామగ్రిలో కలిసినందున ఫీల్డ్ అసిస్టెంటు పోస్టు ఒకటి ఖాళీ అయింది. చనిపోతే కారుణ్య నియామకం ఉంటుంది. అతను చనిపోలేదు కాబట్టి రాజులమ్మను కాంట్రాక్టు మీదే తీసుకున్నారు. అతను తిరిగే ఊళ్ల బీటు ఆమెకిచ్చారు. ఖాళీగా ఉన్న సైకిలు ఒక్కటే, పన్నెండో నెంబరు. విశాలాక్షి తన సొంత చొరవతో ఆ సైకిలును ఆమెకు కేటాయించింది. కుటుంబం ఒకచోట ఉంటుందని ఆమె ఉద్దేశం.

రాజులమ్మ పది రోజుల్లో తొక్కడం నేర్చుకుంది. పల్లంలో, చదునులో ఎక్కి వెళ్లేది. ఎత్తు వచ్చిందంటే దిగి, మందుల పెట్టెతో సహా నెట్టుకుంటూ నడిచేది. జీడితోటలు దాటాక నాలుగు కిలోమీటర్లు ఒకటే ఎత్తు. అక్కడ ఆయాసపడుతూ నెట్టేది. కూతురు ఫోను చేసిందని, మేక ఈనిందని, ఫలానా ఊళ్లో జ్వరాలు తగ్గాయని కిందికి చూసి చెబుతూ ఉండేది. ఆగస్టు చివర ఆమెకు మెమో వచ్చింది. నెట్టిన దూరం మన్నిక కిందికి రాదని, బరువు పడని కాలాన్ని మూడు వానాకాలాల్లో కలపబోమని, ఇలాగే నెడితే పన్నెండో నెంబరు బ్రాకెట్ పరీక్షలో విఫలమైనట్టు పరిగణిస్తామని అందులో ఉంది.

ఆమె మెమో పట్టుకుని వర్క్‌షాపుకు వచ్చి దస్తగిరి చేత రెండుసార్లు చదివించుకుంది.

"అంటే నేను దిగకుండా తొక్కితేనే ఆయన పర్మెంటవుతాడా అన్నా?"

"అలాగే ఉందమ్మా ఇందులో."

"మరి ఆయనకి నొప్పెడితే?"

"నొప్పుందని చెప్పాడంటే తీసేస్తారు."

రాజులమ్మ చీర కొంగు నడుముకు బిగించి, పెట్టె వెనక కట్టుకుని, వర్క్‌షాపు గుమ్మంలోనే సీటెక్కింది. ఆ రోజు నుంచి ఎక్కడా దిగలేదు. నాలుగు కిలోమీటర్ల ఎత్తు మీద సీటు లోంచి లేచి, ఒళ్లంతా పెడలు మీద వేసి తొక్కింది. ఫోన్ల సంగతి, మేక సంగతి చెప్పడం మానేసింది. మాట్లాడితే అతను పలుకుతాడేమోనని భయం. పలికితే అది చప్పుడు కింద లెక్క.

మొదటి వానాకాలం గడిచింది. రెండో వానాకాలానికి ఇంకొన్ని సైకిళ్లకూ మనుషులను బిగించారు. వాటిలో ఏడో నెంబరు సైకిల్లోని మనిషి గెడ్డ మధ్యలో కిర్రుమన్నాడు. విప్పి చూస్తే లోపల తుప్పు తప్ప ఏమీ లేదని నివేదిక వచ్చింది, మారు పేరు పంపమని వెయిటింగ్ లిస్టు అడిగారు. మూడో ఏడు వర్షాలు ఎక్కువ. పన్నెండో నెంబరు మూడుసార్లు వరదలో మునిగింది. ఒకసారి సైకిలుతో పాటు రాజులమ్మ కూడా మునిగింది. ఆమెను పక్క ఊరివాళ్లు లాగారు. సైకిలును ఆమె లాగింది. బయటికి తీసి పెడలు తిప్పి చూశారు. మెత్తగా తిరిగింది.

ఏప్రిల్‌లో సామగ్రి తనిఖీ జరిగింది. రాజులమ్మ తెల్ల కాగితం మీద సంతకం పెట్టిన దరఖాస్తుతో విశాలాక్షి ముందు నిలబడింది. ఆయన పర్మినెంట్ అయినట్టేనా అని అడిగింది. విశాలాక్షి ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్లు ఇప్పించి, నిదానంగా చెప్పింది. సర్వీసు అనేది మనుషులకు ఉంటుందట, సామగ్రికి ఉండదట. సామగ్రికి మన్నిక మాత్రమే. అందువల్ల సర్వీసు రిజిస్టరులో అతని పేరు ఎక్కించడం కుదరదు. అయితే అతను మూడు వానాకాలాలు ఆగాడు కాబట్టి, వాడి పారేసే వస్తువుల రిజిస్టరు నుంచి తీసి, శాశ్వత వస్తువుల రిజిస్టరులోకి మార్చారు. ఆఫీసులో దాన్ని డెడ్‌స్టాక్ రిజిస్టరు అంటారు.

"ఇదిగో, నువ్వే చూసుకో," అంది విశాలాక్షి.

రాజులమ్మ ఆ మూడేళ్లలో అక్షరాలు నేర్చుకుంది. వేలు పెట్టి ఒక్కో మాటే చదివింది. 'సీదరి బొంజుబాబు. ఒకటి. మంచి స్థితిలో ఉన్నది.'

ఆ చివరి మాట దగ్గర వేలు కాసేపు ఆగింది. తర్వాత ఆమె రిజిస్టరు మూసి, రెండు చేతులతో కళ్లకద్దుకుని ఇచ్చేసింది. బయటికి వెళ్లి లడ్డూలు కొనుక్కొచ్చి, ఆఫీసులో అన్ని టేబుళ్లకూ పంచింది. అందరూ తీసుకున్నారు. పద్నాలుగేళ్లు, ఆ పైన మూడేళ్లు, మొత్తానికి సాధించాడన్నారు. తోటి ఫీల్డ్ అసిస్టెంట్లు వర్క్‌షాపుకు వెళ్లి సైకిలు గొట్టం మీద చెయ్యి వేసి శుభాకాంక్షలు చెప్పారు. దస్తగిరి లడ్డూ తీసుకుని, తినకుండా పనిముట్ల పెట్టెలో పెట్టుకున్నాడు.

అందరికీ పంచాక రాజులమ్మ మళ్లీ విశాలాక్షి గదికి వచ్చింది. అట్టడుగు శ్రేణిలో కొత్త ఖాళీలు ఎప్పుడు పడతాయని అడిగింది.

"నీకెందుకమ్మా? నీకు పోస్టుందిగా."

"నాక్కాదు మేడం. మా హైమావతి డిగ్రీ పరీచ్చలు రాసేసినాది. బీయస్సీ. మళ్లీ నాలాగ, ఆయనలాగ మార్చికీ మార్చికీ తిరక్కూడదు కదా. దానికి పనికొస్తదేటి?"

విశాలాక్షి కళ్లజోడు సర్దుకుని నోటిఫికేషను ముసాయిదా తీసింది. పన్నెండు ఖాళీలున్నాయని, అప్పటికే నాలుగు వందల దరఖాస్తులు వచ్చాయని, డిగ్రీ ఉన్నవాళ్లకు అదనపు మార్కులు ఉంటాయని చెప్పింది. వయసు తక్కువైతే మన్నిక ఎక్కువ కాబట్టి అమ్మాయికి మంచి అవకాశం ఉందని కూడా చెప్పింది.

హైమావతి హాస్టలు ఖాళీ చేసి ఆదివారం ఇంటికి వచ్చింది. తల్లి తెచ్చిన దరఖాస్తు ఫారాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివింది. రెండు ప్రశ్నలు అడిగింది. జవాబులు విని తలూపింది. తర్వాత అరుగు మీద కూర్చుని, మోకాళ్లు గుండెలకు ఆనించుకుని, వాటి చుట్టూ ఎడమచెయ్యి వీలైనంత బిగించి, తన పేరు పెద్దక్షరాలతో, ఒక్కో గడిలో ఒక్కో అక్షరం చొప్పున, నింపడం మొదలుపెట్టింది.