తోడు కుదిరిన ఫ్లెక్సీలు

ఆ ఆదివారానికి జీవరత్నం మాస్టారు వేసుకున్న పథకం, ఆయన లెక్కల ప్రకారం, తప్పడానికి వీల్లేనిది. గోదావరి జిల్లాల్లో గిటారు పట్టిన ప్రతివాడికీ తెలిసిన రాక్ బ్యాండు 'కొల్లేటి చాంతాడు' ఆరేళ్ళ తర్వాత ఆ సాయంత్రం తాడేపల్లిగూడెం హాల్లో మళ్ళీ పాడాలి. మాటలు రాసే బెంజమిన్ ఏలూరు నుంచి, బాణీలు కట్టే విశ్వనాథ్ తణుకు నుంచి వస్తున్నారు. ఇద్దరినీ ఒప్పించినవాడు మాస్టారే.

రెండువేల సంవత్సరంలో క్యాసెట్టు అట్ట మీద ఎవరి పేరు ముందుండాలన్న తగువుతో చాంతాడు తెగింది. తర్వాత చెరో సోలో ఆల్బమూ చేశారు. బెంజమిన్‌ది నిండా మాటలు, తొమ్మిది పాటల్లోనూ ఏడుపే. విశ్వనాథ్‌ది నిండా గిటారు, ఒక్కో ముక్కా బ్యాండు పేరు నిలబెట్టేంత పొడుగు. ఎవరు గొప్పో తేల్చాలని మాస్టారు ఆరేళ్ళుగా ఇద్దరికీ మార్కులు వేస్తూనే ఉన్నాడు. ఎన్నిసార్లు దిద్దినా చెరి నలభై దాటలేదు.

"ఇద్దరూ కలిసి పాడితే ఒక్కసారి వినాలే రూబీ. ఆ తర్వాత చచ్చిపోయినా ఫర్వాలేదు," అన్నాడు భార్యతో.

"చావక్కర్లేదండీ. ఇది గాని చెడిందా, మంచం కింద మీ క్యాసెట్ల పెట్టె కొల్లేట్లో కలిపేస్తాను," అంది రూబీ. ఆవిడ అన్నమాట చేసే మనిషి.

అందుకే పేర్ల తగువు రాకుండా రెండు ఫ్లెక్సీలు కట్టించాడు. ఊరికి పడమర, ఏలూరు రోడ్డులో: 'బెంజమిన్, తోడుగా విశ్వనాథ్'. తూర్పున, తణుకు రోడ్డులో: 'విశ్వనాథ్, తోడుగా బెంజమిన్'. ఎవరొచ్చే దారిలో వాళ్ళ పేరే ముందు. అక్కడితో ఊరుకుంటే సరిపోను. స్నేహం చిగురిస్తుందని ఒకరి సోలో సీడీ ఇంకొకరికి ముందే పోస్టులో పంపాడు.

బెంజమిన్ ఏలూరులో బస్సెక్కి విశ్వనాథ్ సీడీ చెవులకు తగిలించుకున్నాడు. సోలో వింటూ సోలిపోయాడు. మెలకువ వచ్చేసరికి బస్సు గూడెం దాటి తణుకులో ఉంది. తిట్టుకుంటూ వెనక్కి, తూర్పు దారినే వచ్చాడు.

విశ్వనాథ్ ముందు రోజు బెంజమిన్ సీడీ మొత్తం విన్నాడు. తొమ్మిదో ఏడుపు అయ్యేసరికి బతుకు మీదే విరక్తి కలిగి, మనసు కుదుటపడాలని తెల్లారగానే గూడెం తగలని అడ్డదారిన ద్వారకా తిరుమల వెళ్ళాడు. దర్శనం చేసుకుని భీమడోలు మీదుగా పడమర దారినే వచ్చాడు.

సాయంత్రం ఐదింటికి హాలు వెనక గదిలోకి ఇద్దరూ చెరో తలుపులోంచీ ఒకేసారి దూసుకొచ్చారు.

"ఏవండీ మాస్టారూ! నేను తోడా? పాలల్లో వేసే తోడునా నేను?" అని అరిచాడు బెంజమిన్.

"ఆ మాట నేననాలండీ! తోడని రాసింది నన్ను!" అన్నాడు విశ్వనాథ్.

ఇద్దరూ ఆగి, ఆరేళ్ళలో మొదటిసారి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మిమ్మల్నీ తోడన్నాడా?"

"మిమ్మల్నీనా?"

ఇద్దరూ మాస్టారి వైపు తిరిగారు. ఆయన గోడకు అంటుకుపోయాడు.

"రెండు నాల్కల రత్నం," అన్నాడు బెంజమిన్ పళ్ళు నూరుతూ. "తూర్పున ఒక మాట, పడమర ఒక మాట!"

విశ్వనాథ్ ఇంకో తిట్టు వెతుక్కుంటూ గిటారు మీటాడు. వేళ్ళు ఆగిపోయాయి.

"ఏవండీ, ఆ మాట మళ్ళీ అనండి."

బెంజమిన్ అన్నాడు. విశ్వనాథ్ మీటాడు. మాస్టారి మీద కోపం చల్లారేలోగా పల్లవి, రెండు చరణాలు తయారయ్యాయి. ఇద్దరూ మాస్టారిని పట్టుకెళ్ళి స్టేజీ మధ్యలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఆయన్ని చూపిస్తూ, ఆయన్ని తిడుతూ పాడారు. జనం కుర్చీలెక్కి మూడుసార్లు మళ్ళీ పాడించుకున్నారు. ముందు వరసలో రూబీ కళ్ళొత్తుకుంటూ నవ్వింది.

మాస్టారికి మాత్రం తిట్లేవీ చెవికెక్కలేదు. ఆ మాటల మీద ఆ బాణీ కూర్చుంటుంటే ఆనందంతో వెక్కి వెక్కి ఏడ్చాడు. జేబులో కాగితం తీసి ఇద్దరికీ కలిపి నూటికి నూరు వేశాడు.

నెల తిరక్కుండా కొత్త క్యాసెట్టు వచ్చింది. ఈసారి ఎవరి పేరు ముందన్న తగువే రాలేదు. అట్ట మీద పెద్దక్షరాలతో జీవరత్నం పేరే ఉంది.