వెండిరంగు గొట్టం

ఆ శనివారం కంగారూల దేశపు గిరావీన్‌లో రాయప్ప ఇంట తొలి ప్రార్థన కూటం. అక్కడి డిసెంబరు నడివేసవి ఎండకి ఇంట్లో ఉక్కపోస్తుందని గరాజ్‌లో చాపలు పరిచారు. ప్రార్థన కాగానే వేడివేడి గారెలు. అంతే ప్లాను.

రాయప్పకి సగం పనంటే ఒళ్లుమంట. వాక్యం చెప్పే అయ్యగారి కళ్లకి ఇంపుగా ఉండాలని గరాజ్ గోడమీది కరెంటు ఇనప గొట్టానికి ముందురోజే వెండిరంగు వేశాడు. పైపైన పూసి ఊరుకున్నాడా? మెయిను కట్టేసి, జాయింట్లన్నీ విప్పి, గొట్టాలు బిగిసే మరచుట్ల లోపల కూడా దట్టంగా పూసి, ఆరాక బిగించాడు.

"ధగధగలాడుతోందండీ!" అని మురిసిపోయి, అతని భార్య మరియరాణి మూలనున్న స్టీలు గ్రైండరులో మినప్పప్పు పోసి స్విచ్చేసింది.

ప్రార్థన మధ్యలో పిండి చూద్దామని హెలెనా ఆంటీ గ్రైండరు మీద చెయ్యేసింది.

"ప్రభువా! ఒళ్లంతా జివ్వుమంది! నా కుడి భుజం నొప్పి ఎగిరిపోయిందమ్మా!"

ఇంకేముంది! చెప్పులు బయట విడిచొచ్చిన జనమంతా సిమెంటు నేలమీద వరసకట్టారు. ముట్టుకున్నవాళ్లల్లా జివ్వుమని వెనక్కొచ్చి కళ్లనీళ్లు పెట్టుకున్నారు. రాయప్పకీ రోమాలు నిక్కబొడుచుకున్నాయి. తన గరాజ్‌లో ఇంత మహిమా అని చేతులు జోడించాడు.

చివరికి అయ్యగారు ముందుకొచ్చారు. మోకాలి నొప్పి వల్ల ఆయన ఒక్కరే బూట్లు విప్పలేదు. ముట్టుకున్నారు. ఊహూఁ. రెండు చేతులూ ఆనించారు. అబ్బే!

"మీ అందరినీ తాకి నన్నొక్కణ్ణే వదిలేశాడా?" ఆయన అరచేతులు తిప్పి చూసుకున్నారు. "ఇక ఏ మొహంతో వాక్యం చెప్పను, రాయప్పా?"

నొప్పిని లెక్కచేయక బూట్లు పీకేసి, గ్రైండరు ముందు ఒలికిన పప్పు కడిగిన నీళ్లలోనే మోకరించి, గ్రైండరుని వాటేసుకోబోయారు.

"నాకూ నథింగ్, డాడ్," అంది రాయప్ప కూతురు షారన్, గ్రైండరు మీద అరచెయ్యి పెట్టి.

రాయప్ప చూపు ఆ పిల్ల రబ్బరు చెప్పుల మీద పడింది. తర్వాత అయ్యగారు విప్పిన రబ్బరు అడుగుల బూట్ల మీద. ఆ తర్వాత వెండిరంగు గొట్టం మీద.

"అయ్యగారూ, ముట్టుకోకండి!" అని అరుస్తూ ఒక్క దూకులో మెయిను కట్టేశాడు.

ఊపిరి తిరిగాక చెప్పాడు. "ఆ గ్రైండరు ఎప్పట్నుంచో కరెంటు కారుస్తోందండీ. ఇన్నాళ్లూ ఎర్తు తీగలా ఈ గొట్టమే దాన్ని భూమిలోకి దింపేసింది. నేను మరచుట్లకి కరెంటు పారని రంగేసి ఆ దారి మూసేశాను."

చెబుతుంటే అతనికే ఒళ్లు గగుర్పొడిచింది. రోజూ ఇంటిల్లిపాదినీ కాచిన ఆ గొట్టాన్ని ఒక్కనాడైనా పట్టించుకున్నాడా? దణ్ణం పెట్టాలనిపించింది.

"అంటే," అయ్యగారు నీళ్లలోంచి మెల్లగా లేచారు, "మీ అందరికీ షాకు కొడితే, దేవుడు నన్నొక్కణ్ణే కాపాడాడన్నమాట!"

ఆయన మొహం వెలిగిపోయింది. కూటమంతా "ఆమెన్" అంది.

హెలెనా ఆంటీ మాత్రం, రంగు గీకేలోపు ఎడమ భుజం సంగతి కూడా చూసుకుంటే ఓ పనైపోయేదంది.