సున్నా శాతం తిరుమల

"సగం చదువు గదిలో, సగం చదువు ఫోన్లో! విద్యార్థి నిమగ్నతే మన ఊపిరి!" అని మా ఇచ్చోడ ప్రైవేటు డిగ్రీ కాలేజీ ప్రిన్సిపాల్ రామేశ్వర్‌రావుగారు మైకు పట్టుకుని ప్రకటించారు. చప్పట్లు కొట్టినవాళ్లలో చరిత్ర చెప్పే నేనూ ఉన్నాను. జీతం ఇచ్చేది ఆయనే మరి!

నిమగ్నత అంటే ఏమిటో ఎవరికీ తెలియదు కాబట్టి దాన్ని కొలవడం చాలా తేలికైంది. ఆన్‌లైన్ పాఠం నడుస్తుండగా ఫోను మధ్యమధ్య "ఉన్నారా?" అని అడుగుతుంది. "ఉన్నా" అని నొక్కితే పాఠంలో లీనమైపోయినట్టే! నొక్కనివాళ్ల హాల్‌టికెట్ మీద ప్రిన్సిపాల్‌గారి సంతకం పడదు.

అప్పుడే పత్తి ఏరడం మొదలైంది. చేన్లో రెండు చేతులా పత్తి తీసేవాడు ఫోనెట్లా నొక్కుతాడు? పిల్లలు ఫోన్లన్నీ బస్టాండు దగ్గర బుచ్చిరాములు చాయ్ హోటల్లో చార్జింగ్ పెట్టి చేన్లకు వెళ్లారు. చాయ్ పొంగు వచ్చేలోపు వరుసగా అన్నీ నొక్కేయడం ఆయనకు చెయ్యి తిరిగిన పని. మా నిమగ్నత ఆకాశాన్నంటింది. ఉత్తమ కాలేజీ షీల్డు మాకే ప్రకటించారు!

ఫోను లేని తిరుమల ఒక్కతే రోజూ బస్సెక్కి తరగతి గదికి వచ్చేది. ప్రశ్నలతో నా ప్రాణం తోడేసేది. ఆమె నిమగ్నత సున్నా!

"సార్, నేను దినాం వస్తున్న గదా! నాకు హాల్‌టికెట్ ఇయ్యరంట," అని ఏడ్చింది. నాకు ఒళ్లు మండి ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లాను.

"గా పిల్ల కంప్యూటర్ల లేదయ్యా. లేదంటే లేనట్టే. గా ఒక్కదానితోటి మన సగటు గూడ ఖరాబైతుంది," అన్నారాయన.

షీల్డు ఇవ్వడానికి తనిఖీ అధికారి సరళాదేవిగారు వచ్చారు. గది నిండా ఖాళీ బెంచీలు, ముందు బెంచీలో తిరుమల.

"మిగతా పిల్లలేరీ?"

"ఆన్‌లైన్ల లీనమైండ్రు మేడం!" అన్నారు ప్రిన్సిపాల్.

"సరే, ఈ అమ్మాయితోనే ఫొటో తీద్దాం."

ప్రిన్సిపాల్ గొంతు తేనెలో ముంచి, "బిడ్డా, జర షీల్డు పట్టుకో," అన్నారు.

తిరుమల చేతులు కట్టుకుంది. "నేను లేను గదా సార్! లేనిదాన్ని ఫొటోల ఎట్ల వస్త? హాల్‌టికెట్ ఇస్తే పట్టుకుంట."

"కంప్యూటర్ ఒప్పుకోదమ్మా!"

"బుచ్చిరాములు కాకకు చెప్పుండ్రి సార్. అందరివి నొక్కుతుండు, నా పేరు మీద గూడ నొక్కుతడు!"

"బుచ్చిరాములు ఎవరు?" అన్నారు మేడం.

"మా ఆన్‌లైన్ విభాగం హెడ్డు మేడం!" అన్నారు ప్రిన్సిపాల్, చెమట తుడుచుకుంటూ.

తిరుమల మళ్లీ నోరు తెరిచింది. మాట బయటికి వచ్చేలోపే హాల్‌టికెట్ మీద సంతకం పడిపోయింది.