కొత్తకోట బీరులో గద్వాల గాలి

"ప్రాణాలైనా ఇస్తాం గానీ పడమటి గాలిని మాత్రం కొత్తకోటకు వదిలేది లేదు" అని గద్వాల ప్రాంత జలసాధన నాయకులు తిమ్మప్పగారు సోమవారం ఉదయం పదకొండు గంటలకు ప్రకటించారు. ఆ సమయంలో అక్కడ ఉన్న ఏకైక విలేకరిని నేనే. ఆ ప్రకటన రాసిచ్చిందీ నేనే. అయినా ఆయన నోట వింటుంటే నాకే ఒళ్లు జలదరించింది.

తిమ్మప్పగారి గురించి తెలియనివాళ్లకు కొంచెం చెప్పాలి. ముప్పై ఏళ్లుగా నీళ్ల కోసం కొట్లాడుతున్న మనిషి. ఏ కాలువ ఎక్కడ తెగినా, ఏ తూము ఎవరు మూసినా మర్నాటికల్లా అక్కడ ఆయన టెంటు లేచేది. అలాంటి మనిషిని ఈ ఏడాది వానలు దెబ్బతీశాయి. జూరాల గేట్లు ఎత్తారు. ఇటిక్యాల చెరువులు అలుగు పోశాయి. వడ్డేపల్లిలో చిట్టచివరి మడికి కూడా నీళ్లెక్కాయి. రైతులందరూ పొలాల్లో ఉంటే ఆయనొక్కరే ఇంట్లో మిగిలారు. టెంటు హౌసు యజమాని స్వయంగా ఫోన్ చేసి "అన్నా, పాణం బాగున్నదా?" అని అడిగాడట. ప్రజాసేవకుడికి ఇంతకంటే కష్టం ఏముంటుంది?

ఆ కష్టం చూడలేక, గాలి మార్పు కోసమని నేనే ఆదివారం ఆయన్ను కొత్తకోట తీసుకెళ్లాను. అక్కడ హైవే పక్కన రాఘవేందర్ అనే ఆయన కొత్తగా బారు పెడుతున్నాడు. పద్దెనిమిదేళ్లు బెంగళూరు రోడ్డు మీద లారీ తోలిన మనిషి. ఇక స్టీరింగు ముట్టనని భార్య ధనలక్ష్మికి మాటిచ్చి, లారీ అమ్మేసి ఈ బారు కట్టాడు. సీసాల బీరు కాదు, నల్లా తిప్పితే గ్లాసులో పడే బీరు. అది కెగ్గులనే స్టీలు పీపాల్లో హైదరాబాదు నుంచి వచ్చింది. పద్దెనిమిది కెగ్గులు చల్లగదిలో వరసగా కూర్చుని ఉన్నాయి. శుక్రవారం ప్రారంభం.

కెగ్గుల పక్కన బీరువా అంత యంత్రం ఒకటి ఉంది. దాన్ని బిగించినవాడు చాంద్ పాషా. కొత్తకోటలో ఫ్రిజ్జు నుంచి లారీ ఎయిర్ బ్రేకు దాకా ఏది చెడిపోయినా ఆయన్నే పిలుస్తారు.

"ఇదేంది పాషా?" అని అడిగారు తిమ్మప్పగారు.

"గ్యాస్ జనరేటర్ అన్నా. బైటి గాలి గుంజుతది. దాంట్ల ఆక్సిజన్‌ను ఇడిచిపెడ్తది, నైట్రోజన్‌ను పట్టుకుంటది. దానికి జర కార్బన్ డయాక్సైడ్ కలిపి కెగ్గులకు తోలుతది. గా ప్రెషర్‌కు బీరు నల్లాకొస్తది. కెగ్గు ఇప్పినంక గూడ ఫ్రెష్షుగ ఉంటది. ఇది లేకుంటె వారం పది దినాల్ల సచ్చిపోతది."

"ఎవరు సచ్చేది?"

"బీరు అన్నా. నురుగు రాదు. కషాయం లెక్క అయితది."

బీరు చావుబతుకుల మీద తిమ్మప్పగారికి ఆసక్తి కలగలేదు. ఆయన కిటికీ వంక చూస్తున్నారు.

"గాలి యాడికెల్లి గుంజుతది?"

"గా కిటికీలకెల్లి."

"కిటికీ ఏ దిక్కున్నది?"

"పడమర."

"పడమర ఏమున్నది?"

పాషా ఆలోచించాడు. "పంచర్ షాపున్నది."

"దాని అవతల?"

"జూరాల."

"దాని అవతల?"

"గద్వాల."

తిమ్మప్పగారు నా భుజం పట్టుకున్నారు. తొలకరి పడ్డాక ఆయన మొహంలో అంత కళ నేను చూడలేదు.

మర్నాడు వెలువడిందే ఆ ప్రకటన. అందులోని తర్కానికి చేతులెత్తి మొక్కాలి. నది ఎలా ఎగువ నుంచి దిగువకు పారుతుందో, గాలి కూడా అలాగే పడమటి నుంచి తూర్పుకు పారుతుంది. గద్వాల ఎగువ, కొత్తకోట దిగువ. పారే గాలికి మధ్యలో యంత్రం పెట్టి లాగడమంటే కాలువలో దొంగ మోటరు దించి తోడుకోవడమే. మన పాలమూరు గడ్డ మీద దొంగ మోటరు అన్న మాట వింటే ఊరుకునే మనిషి పుట్టలేదు.

మంగళవారానికల్లా బారు ఎదుట టెంటు లేచింది. 'మా గాలి మాకే' అని బ్యానరు కట్టారు. తిమ్మప్పగారు నిరాహార దీక్షకు కూర్చున్నారు. ఆ రోజు ఒకటే ఉక్కపోత. ఆయన వేపచెట్టు వైపు వేలు చూపించి, "చూడుండ్రి! ఒక్క ఆకు కదుల్తలేదు! మొత్తం గుంజేసిండు!" అని గర్జించారు. నిజానికి అప్పుడు కరెంటు పోయి యంత్రం ఆగి ఉంది. ఉద్యమానికి అది అడ్డం రాలేదు.

ఇటిక్యాల నుంచి ఆటోలో వచ్చిన సాయమ్మ అనే రైతమ్మను పేపరు కోసం కదిలించాను.

"నాకేం తెల్వదు బిడ్డా. నీళ్ల కొట్లాట అని తోల్కొచ్చిండ్రు. నా చేన్ల మోకాటి మంటి నీళ్లున్నయి. జర గాలాడితె ఆరుతదని చూస్తున్న."

'గాలి కోసం అల్లాడుతున్న అన్నదాత' అని శీర్షిక పెట్టాను. అక్షరం అబద్ధం లేదు.

ప్రభుత్వం వెంటనే స్పందించింది. గాలి ఏ శాఖ కిందికి వస్తుందో తేలక ఫైలు మూడు ఆఫీసులు తిరిగి, ఆ రోజు సెలవు పెట్టని ఒకే ఒక్క అధికారి సతీష్‌గారి బల్ల మీద ఆగింది. ఆయన జీపులో వచ్చి యంత్రానికి లక్క సీలు వేశారు. రాఘవేందర్ ఆయన వెనకాలే తిరిగాడు.

"సార్, పద్దెనిమిదిటికీ పైపులు తగిలిచ్చినం. మిషన్ బంద్ జేస్తె నా బీరు సస్తది. శుక్రారం ఓపెనింగున్నది సార్."

"కంగారు పడకండి. కమిటీ వేస్తున్నాం" అన్నారు సతీష్‌గారు. ఆ మాట వినగానే రాఘవేందర్ నిజంగానే కంగారు పడ్డాడు. పద్దెనిమిదేళ్లు చెక్‌పోస్టులు చూసిన మనిషి కదా.

బుధవారం నాగర్‌కర్నూలు నుంచి నాయకురాలు ప్రేమలతగారు రెండు బస్సులతో దిగారు. "ఎగువోళ్లు గద్వాలోళ్లు, నడుమ కొత్తకోటోళ్లు. మరి మేం? మేం చివరి ఆయకట్టు! ఈ ఇద్దరు కొట్లాడుకుంట గాలంత మింగితె మా బిడ్డలు దేంతోని ఊపిరి తీస్కోవాలె?" అని ఆమె అడిగితే టెంటులో సగం మంది కళ్లు తుడుచుకున్నారు. తిమ్మప్పగారు కూడా తుడుచుకున్నారు. ఎదుటి పక్షం లేని ఉద్యమం ఉప్పు లేని పప్పు అని ఆయనకు తెలుసు. ఆమె టెంటుకు తన టెంటు నుంచే కరెంటు తీగ ఇప్పించారు.

అలా గద్వాల, కొత్తకోట ఉన్న వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల ఉమ్మడి గాలి పంపకాల కమిటీ ఏర్పడింది. సతీష్‌గారు అధ్యక్షులు. పత్రికల తరఫున నేను. గాలిని కొలవడమెలా అన్నది మొదటి సమస్య. కాలువ గట్టు మీద పాతే అడుగుల గేజి కర్ర తెప్పించి కిటికీ కింద పాతారు. ఒక పూటంతా చూసి 'సున్నా అడుగులు' అని రాసుకున్నారు. అందరూ తలలు పట్టుకుని కూర్చున్నారు.

అప్పుడు చాంద్ పాషా నోరు విప్పాడు. మంచివాళ్లకు ఉండే జబ్బే అది.

"సార్, గాలి లెక్క కావాల్నంటె కెగ్గుల సూడాలె. ఎంత బీరు బైటికొస్తె గంత గ్యాసు లోపటికి పోతది. గంతే."

కమిటీ వెంటనే కెగ్గుల్లోనే కొలవాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ మాట అన్నందుకు పాషా ఈ రోజుకీ చెంపలు వేసుకుంటుంటాడు.

సీలు తీశారు. యంత్రం నడిచింది. నల్లా తిప్పారు. ఎంత చక్కటి నురుగో! బయటికి వచ్చిన బీరును మోరీలో పోయడం ప్రజావనరుల దుర్వినియోగం అవుతుందని సతీష్‌గారు అన్నారు. కాబట్టి తాగవలసి వచ్చింది. తిమ్మప్పగారు దీక్షలో ఉన్నారు గనక అందరూ ఆయన వంక చూశారు.

"ద్రవాలు తీస్కోవచ్చని డాక్టర్ చెప్పిండు" అని ఆయన గ్లాసు అందుకుని ఒక గుక్క మింగి కళ్లు మూసుకున్నారు. "ఇది మన గాలే. జూరాల సల్లదనం తెలుస్తుంది."

ప్రేమలతగారికి అలవాటు లేదు. బస్సుల నుంచి నలభై మందిని చివరి ఆయకట్టు ప్రతినిధులుగా పంపించారు. వాళ్లు తాగి, తమ దాకా గాలి సరిగా రావడం లేదని, ఇంకోసారి కొలవాలని కోరారు.

మర్నాటి నుంచి కొలత ఆన్ అండ్ ఆఫ్ పద్ధతిలో సాగింది. కాలువ నీళ్లకు వంతులు పెట్టినట్టే. పొద్దున గద్వాల వంతు, మధ్యాహ్నం వనపర్తి, సాయంత్రం నాగర్‌కర్నూలు. గ్లాసు చిన్నదైతే కొలత తప్పుతుందని జగ్గులు తెచ్చారు. మాజీ సర్పంచులు వచ్చారు. కాలువ సంఘాలవాళ్లు వచ్చారు. ఒక రిటైర్డు కాలువ లస్కరు వచ్చి, షట్టరు తిప్పిన అనుభవం ఉందని నల్లా దగ్గర నుంచి మూడు రోజులు కదల్లేదు. నేను పత్రికా ధర్మం పాటించాను. ఏ జిల్లా వైపూ మొగ్గకుండా మూడు వంతుల్లోనూ కూర్చున్నాను.

శుక్రవారం వచ్చింది, పోయింది. ప్రారంభానికి పిలిచిన చుట్టాలు వచ్చి, బయట కుర్చీల్లో కూర్చుని, కమిటీ పనితీరు చూసి వెళ్లిపోయారు.

"సార్, రెండు కెగ్గులన్న ఇడువుండ్రి. చిన్నగ ముహూర్తం చేస్కుంట" అని రాఘవేందర్ చేతులు జోడించాడు.

"రెండు మినహాయిస్తే లెక్క శాస్త్రీయంగా ఉండదు" అన్నారు సతీష్‌గారు బాధగా. ఆయన మీసానికి నురుగు ఉంది.

ధనలక్ష్మి కౌంటరు వెనక నిలబడి అంతా చూస్తోంది. మొగుడితో మెల్లగా అంది: "లారీనే నయముండె. దాని టైర్ల గాలి పోతె నింపుకుంటుంటివి. గిప్పుడు గాలి నింపుకుంట నీ బతుకు తీస్తుండ్రు." ఆ పూట నాకు బీరు కొంచెం చేదుగా అనిపించింది. రెండో జగ్గుకి సర్దుకుంది.

పదో రోజున కమిటీ నివేదిక వచ్చింది. ముప్పై రెండు పేజీలు. సారాంశం ఏమిటంటే, పద్దెనిమిది కెగ్గుల్లోనూ అంచుల దాకా గాలి ఉన్నట్టు శాస్త్రీయంగా తేలింది. అది మూడు జిల్లాల ఉమ్మడి గాలి. కాబట్టి జిల్లాకు ఆరు కెగ్గులు. ఇంత న్యాయమైన పంపకం నీళ్ల విషయంలో ఇంతవరకు జరగలేదు. తిమ్మప్పగారు నిమ్మరసం తాగి దీక్ష విరమించారు. ప్రేమలతగారు ఆయనకు మిఠాయి తినిపించారు. కెగ్గులను మూడు వ్యాన్లలోకి ఎక్కించారు.

రాఘవేందర్ చల్లగది వాకిట్లో నిలబడి అడిగాడు. "సార్, మరి నా బీరు?"

సతీష్‌గారు అతని చేతిలో గుండ్రటి ముద్ర వేసిన కాగితం పెట్టారు. "మీ బీరు మీద ఏ జిల్లాకూ ఎలాంటి అభ్యంతరం లేదు. నేటి నుంచి స్వేచ్ఛగా అమ్ముకోవచ్చు."

పాషా యంత్రం మీద చెయ్యి వేసి, "మిషన్ మాత్రం ఫస్ట్ క్లాస్ నడుస్తుందన్నా" అన్నాడు. ఓదార్చడానికి ఆయన దగ్గర అంతకంటే ఏమీ లేదు.

గాలి విడుదల కార్యక్రమం ఆదివారం గద్వాలలో ఘనంగా జరిగింది. కాలువకు నీళ్లు వదిలేటప్పుడు చేసినట్టే పసుపు, కుంకుమ, పూలు, పట్టుచీర సిద్ధం చేశారు. ఆరు కెగ్గులకూ బొట్లు పెట్టి వేదిక మీద వరసగా నిలబెట్టారు. ఖాళీ కెగ్గులు వాపసు ఇమ్మని కంపెనీవాళ్లు ఫోన్ల మీద ఫోన్లు చేస్తుండటంతో రాఘవేందర్ కూడా బస్సెక్కి వచ్చి ఓ మూల నిలబడ్డాడు. తిమ్మప్పగారి కంట పడకుండా ఉంటాడా? ఆయన పెద్ద మనసుతో చెయ్యి పట్టి వేదిక ఎక్కించి, శాలువా కప్పి, "గాలికి అడ్డం రాని మహానుభావుడు!" అని మైకులో పొగిడారు.

తర్వాత తిమ్మప్పగారు మొదటి కెగ్గు నల్లా తిప్పారు. 'స్స్స్' మని వచ్చింది. జనం చప్పట్లు కొట్టారు. "మన గాలి మనకొచ్చింది!" అని ఆయన పట్టుచీరను గాల్లోకి విసిరారు. అది మైకు కర్ర మీద పడి వేలాడింది. వరసగా అయిదు కెగ్గులు విడుదలయ్యాయి. ఆరో కెగ్గు దగ్గర, అతిథిగా ఆ గౌరవం రాఘవేందర్‌కు ఇచ్చారు.

అతను వంగాడు. నల్లా తిప్పలేదు. కెగ్గుకు చెవి ఆనించి వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి చూశాడు. బోలుగా మోగింది. తర్వాత దాన్ని రెండు చేతులా పట్టుకుని అలాగే ఉండిపోయాడు. భుజాలు కదులుతున్నాయి. ఎంతసేపటికీ లేవలేదు. నాకు మంచి యాంగిల్ దొరికింది.

ఆ ఫొటో మర్నాడు మొదటి పేజీలో వచ్చింది. కింది వాక్యం కూడా నాదే: 'గద్వాల గాలి గద్వాలకు చేరిన శుభవేళ, ఆనందబాష్పాలు ఆపుకోలేకపోతున్న బారు యజమాని.'