చెక్కదా? ఇనుపదా?

ఆదివారం పొద్దున్నే వాచీల మేస్త్రి తన పెరట్లో రెండు కెమెరాలు నిలబెట్టాడు. రెండూ అరచెయ్యంత ఫిల్ము మీద బొమ్మ తీసేవే. ఒకటి చెక్కది. మడిస్తే చంకన పెట్టుకుని పోవచ్చు. రెండోది ఇనుపది. పట్టా మీద ముందుకూ వెనక్కూ జరుగుతుంది, ఎంత జరిగిందో చెప్పడానికి సన్నటి గీతలు కూడా ఉన్నాయి. దుకాణం మూసేస్తున్న స్టూడియో పెద్దాయన, "సాయంత్రం దాకా చూసుకో. నచ్చినది ఉంచుకుని రెండోది తెచ్చెయ్" అని, ఒక్కోదానికి ఒక్కో ఫిల్ము చొప్పున ఇచ్చి పంపాడు. మేస్త్రి మనసంతా ఇనుపదాని మీదే ఉంది. గీతలున్న వస్తువంటే అతనికి ప్రాణం.

భార్య మాత్రం ఒక మెలిక పెట్టింది. "మా అమ్మ కళ్లు తెరుచుకుని ఉన్న ఫొటో ఒక్కటి తీసి చూపించండి. ఏది తీస్తే అది ఇంట్లో ఉంటుంది. లేదంటే రెండూ వెళ్లిపోవాల్సిందే."

అది చిన్న పరీక్ష కాదు. అత్తగారు తన పెళ్లి ఫొటోలో కళ్లు మూసుకుంది. కొడుకు పుట్టినప్పుడు తీసినదాంట్లోనూ మూసుకుంది. బస్సు పాసు మీద అయితే నిద్రపోతున్నట్టే ఉంటుంది. "కెమెరాలో ఏ లోపమూ లేదమ్మా, కూర్చున్న మనిషిలోనే ఉంది" అని ఫొటోలు తీసేవాళ్లు నలభై ఏళ్లుగా ఒకటే మాట. ఆ మాటన్న ఒక్కణ్నీ ఆవిడ క్షమించలేదు.

ఆవిడ అనుకున్నదానికంటే గంట ముందే కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. వస్తూనే కెమెరా మీది నల్లగుడ్డ వాసన చూసి, ముక్కు చిట్లించి, సబ్బునీళ్లలో నానేసింది. ఆ గుడ్డ కప్పుకోకపోతే కెమెరా వెనక అద్దంలో బొమ్మ కనిపించదు. చేసేది లేక మేస్త్రి అటక మీది బొంత దించాడు. అప్పటికే ఎండ చుర్రుమంటోంది.

చెక్కదాన్ని ముందే కుర్చీకి గురిపెట్టి ఉంచి, బొంత కప్పుకుని ఇనుపదాని వెనక దూరాడు. అద్దంలో కుర్చీ తలకిందులుగా, సూదిమొనలా స్పష్టంగా కుదిరింది. అద్దం ముందు ఫిల్ము పెట్టె దూర్చి, దాని జారుడు మూత లాగాడు. పోకూడని వస్తువేదైనా పళ్లమధ్య పెట్టుకోవడం అతని వృత్తి అలవాటు. మూత కూడా అక్కడికే చేరింది.

పక్కింటి నర్సమ్మ గోడ మీదుగా చూసింది. మండుటెండలో మనిషి నిండా బొంత కప్పుకుని ఊగుతున్నాడు.

"ఏమ్మా, మీ ఆయనకి చలిజ్వరమా?"

"పొద్దున బాగానే ఉన్నారే. ఏవండీ?"

"ఊఁ, ఊఁ" అంది బొంత.

"మాట పడిపోయింది" అని నర్సమ్మ థర్మామీటరు పుచ్చుకుని గేటు వైపునుంచి పరుగెత్తుకొచ్చింది. బావమరిది ఆలోచించే రకం కాదు, నడుం పట్టుకుని అమాంతం బయటికి లాగాడు. నుదురు కాలిపోతోంది. బొంత కింద ఎవరి నుదురైనా అంతే. మంచం మీద పడేసి పళ్లమధ్య ఉన్న మూత లాగేశారు. అతను నోరు తెరిచేలోగా థర్మామీటరు పెట్టారు.

"మూడు నిమిషాలు మాట్లాడకూడదు" అంది నర్సమ్మ.

ఆ మూడు నిమిషాల్లో మేస్త్రికి గుర్తొచ్చింది. మూత లాగేముందు కెమెరా కన్ను మూయలేదు. ఇనుపదాని ఫిల్ము ఈపాటికి ఎండంతా తాగేసి ఉంటుంది. ఆ సంగతి చెప్పబోతే నర్సమ్మ వేలు చూపించింది.

ఈలోగా అత్తగారు, ఈ గొడవంతా దేనికో చూద్దామని, బొంత కప్పుకుని చెక్కదాని వెనక దూరింది.

"ఒరే, నువ్వు ఆ కుర్చీ దగ్గరే నిలబడు. కదలకు" అంది లోపల్నుంచి. "తలకిందులుగా ఉన్నా, వీడు ఇన్నాళ్లకి తిన్నగా కనబడ్డాడు."

"అమ్మా, నేనెప్పుడూ తిన్నగానే ఉంటానే."

"నాకు కదా కనబడాల్సింది."

జ్వరం లేదని తేలాక మేస్త్రి లేచొచ్చాడు. "అత్తయ్యగారూ, ఇక ఒక్క ఫిల్మే మిగిలింది. వచ్చి కుర్చీలో కూర్చోండి."

"నువ్వే కూర్చో నాయనా. కూర్చునేవాళ్ల కష్టం నాకు తెలుసు. తీసేవాళ్ల సుఖమేమిటో చూడనీ."

మేస్త్రి భార్య వంక చూశాడు. ఆమె ఆకాశం వంక చూసింది. ఈసారి కెమెరా కన్ను మూసి మరీ మూత లాగాడు. దాన్ని నోటిదాకా పోనివ్వకుండా భార్య అందుకుంది. నొక్కుడు తీగ అత్తగారి చేతికిచ్చి వెళ్లి కూర్చున్నాడు.

"నవ్వు. అంత నవ్వకు. ఆఁ" అని ఆవిడ నొక్కింది.

స్నానాలగదిలో ఫిల్ము కడిగి, బొమ్మ కాగితం మీదికి దించేసరికి సాయంత్రమైంది. ఫొటోలో కుర్చీ మేకులు లెక్కపెట్టుకోవచ్చు. చొక్కా బొత్తానికి వేసిన వేరే రంగు దారం తెలుస్తోంది. చేతి గడియారంలో పదకొండూ ఇరవై.

"అమ్మ ఫొటో లేదుగా. రెండూ సర్దెయ్యండి" అంది భార్య.

మేస్త్రి చెక్కదాన్ని మడవబోయాడు.

"దాన్ని ముట్టుకోకు. అది ఉంటుంది" అంది అత్తగారు. "ఆ ఇనుపది నేను మొయ్యలేను, పంపెయ్."

"అమ్మా, నేను పెట్టిన మెలిక..."

"అది నీ మొగుడికి పెట్టావు. నాక్కాదు."

మేస్త్రి ఇనుపదాని గీతల మీద ఒకసారి వేలు రాసి, దాన్ని పెట్టెలో పెట్టాడు. తర్వాత ఫొటో తీసుకుని, మెల్లగా అన్నాడు. "అత్తయ్యగారూ, అన్నీ బాగా వచ్చాయి కానీ, నా కళ్లు మూసుకుపోయాయి."

ఆవిడ ఫొటోను చెయ్యి చాపి దూరంగా పెట్టి తీరిగ్గా చూసింది.

"కెమెరాలో ఏ లోపమూ లేదు నాయనా" అంది. "కూర్చున్న మనిషిలోనే ఉంది."

నర్సమ్మ గోడ మీదుగా ఆ ఫొటో చూసి, ఎందుకైనా మంచిదని మళ్లీ థర్మామీటరు తెచ్చింది.